ఇల్లు మోసే నత్త

ఇంగ్లీషువాడు దేశం వదిలిపోయి ఇన్నేళ్ళైనా, వాళ్ళ పాస్టరు ఒకాయన మా ఇంట్లోనే కాపురం పెట్టి ఉన్నాడని నాకు పోయిన వేసవిలో తెలిసింది. అమలాపురంలో నేను ఇంగ్లీషు పాఠం చెప్పే కాలేజీలో, స్టాఫ్‌రూములో, కరెంటు లేని మధ్యాహ్నం పూట, లాప్‌టాప్ ఎక్కడ ఆరిపోతుందోనని గబగబా చదువుతూండగా తెలిసింది.

చదువుతున్నది నాలుగొందల ఏళ్ళ నాటి పుస్తకం. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఇలాంటివి కుప్పలుగా అచ్చయ్యేవి. భార్య ఎలా మసలాలి, పిల్లలు ఎలా మసలాలి, పనివాళ్ళు ఎలా మసలాలి అని పాస్టర్లు రాసిన నీతి పుస్తకాలు. ఒక సెమినారుకి వాటిమీద పేపరు రాస్తానని ఒప్పుకున్నాను. గౌరవంతో కాదు. నాకు దెబ్బలాట ఇష్టం. చచ్చి నాలుగొందల ఏళ్ళైన మగాడితో దెబ్బలాడితే మధ్యలో అడ్డం రాడు, కాఫీ అడగడు. ఆ పుస్తకం పేరూ, ఆయన పేరూ ఇక్కడ చెప్పను. పేపరు అడుగున మూలం వెయ్యాలి కాబట్టి అక్కడ వేశాను. ఇక్కడ కూడా చెబితే మళ్ళీ ప్రాణం పోసినట్టవుతుంది.

భార్యల అధ్యాయం మొదలుపెట్టాను. ఇల్లాలు నత్తలా ఉండాలట. నత్త తన ఇంటిని వీపు మీద మోస్తుంది, ఇల్లు విడిచి ఎక్కడికీ పోదు, అలాగ. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఎందుకో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. తర్వాత అద్దం. భర్త నవ్వితే నవ్వాలి, ముఖం ముడిస్తే ముడవాలి, అద్దానికి సొంత ముఖం ఉండదు కదా అని. ఆ తర్వాత, భర్త ఇంటికి రాగానే ఆయన బూట్ల మీది మంచు దులిపి పొయ్యి పక్కన ఆరబెట్టాలి అని ఉంది. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. పక్క కుర్చీలో తెలుగు మేడమ్ "ఏంటండీ, కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేదట. నేను సమాధానం చెప్పకపోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు, అందుకని నీళ్ళు తెచ్చింది.

ఆ మంచు నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలుసు.

మా ఊరు రాజోలు దాటాక, కాలవ పక్కన. మావాళ్ళు కామందుల పొలాల్లో కూలికి పోయే రోజుల్లో, మా అమ్మమ్మకి అమ్మమ్మ కాలంలో, ప్రభువుని నమ్ముకున్నారు. మిషనరీ దొరసానమ్మ ఆడపిల్లలకి కూడా బడి పెట్టింది. ఆ బడి వెలుగులోనే మా నాన్న టీచరయ్యాడు, నేను లెక్చరర్నయ్యాను. ఆ రుణం లేదని నేననను. ఆ బడితో పాటు మా ఊరికి ఇంకోటి కూడా వచ్చింది. దాన్ని మేం పెళ్ళివాక్యం అంటాం.

పెళ్ళి ముందురోజు సాయంత్రం పెళ్ళికూతురి ఇంట్లో ప్రార్థన పెడతారు. ప్రార్థన అయ్యాక పెద్దావిడ ఒకావిడ నిలబడి, ముసుగేసుకున్న పెళ్ళికూతురికి పెళ్ళివాక్యం చెబుతుంది. కాగితం చూసి చదవకూడదు. నోటికి వచ్చుండాలి. ఇల్లు మోసే నత్తలా ఉండు, అద్దంలా ఉండు, ఆయన చెప్పుల మీద మంచు దులుపు, ఆయన తప్పుని గడప దాటించకు. ఇవీ నాలుగు మాటలు. గుడిలో సువార్త చదివేటప్పుడు లేచినట్టే, పెళ్ళివాక్యానికీ అందరూ లేచి నిలబడాలి. ఆడవాళ్ళు పైట తలమీదికి లాక్కోవాలి. ఎందుకంటే అది వాక్యం, దేవుడి మాట. అలాగని మా అందరి నమ్మకం.

కోనసీమలో చెప్పుల మీద మంచేంటని ఎవరూ అడగలేదు. పరిశుద్ధ దేశంలో చలి ఎక్కువని సర్దుకున్నారు. అంతేకాదు, అత్తారింట్లో అడుగుపెట్టగానే పెళ్ళికూతురు వంగి, పెళ్ళికొడుకు చెప్పులు రెండూ తీసి పైటచెంగుతో దులపాలి. మే నెలలో, ఉక్కపోతలో, పట్టుచీరతో, లేని మంచు! పక్కవాళ్ళు ఎవరూ చెయ్యరు. మా ఊరి క్రైస్తవులం మాత్రమే చేస్తాం. నేనూ దులిపాను. మా ఆయనవి కొత్త బూట్లు, ఇంకా అట్టపెట్టె వాసన పోలేదు.

మా ఊళ్ళో ఆ వాక్యం చెప్పే పెద్దావిడ మా అమ్మ.

స్టాఫ్‌రూములో ఆ నాలుగో మాట కోసం పేజీ కిందికి జరిపాను. ఉంది. భర్త లోపం ఇంటి గోడలు దాటి పొరుగువాళ్ళ చెవిన పడకూడదని, వరసలో నాలుగోదిగా, ఉన్నచోటే ఉంది. నేను ప్రతి ఏడూ పిల్లలకి మొదటిరోజే చెప్పేది ఒకటే. ఏ మాట వాడుకున్నా అది ఎవరిదో చెప్పి వాడుకోండి. అలాంటిది మా ఇంట్లో తరతరాలుగా ఒక ఇంగ్లండు పాస్టరు మాటని దేవుడి పేరు మీద వాడేస్తున్నాం, మూలం చెప్పకుండా, ముసుగులేసుకుని, లేచి నిలబడి.

ఆ సాయంత్రమే బస్సెక్కాను. ఆగలేకపోవడానికి ఇంకో కారణం ఉంది.

మా అన్నయ్య కూతురు అంతకు ముందు నెలలో కుడి మణికట్టుకి సిమెంటు కట్టుతో పుట్టింటికి వచ్చింది. మెట్ల మీంచి పడ్డానంది. "మీది కింది వాటా కదే, మెట్లెక్కడివి?" అని నేను ఫోనులో అడిగితే, "ఆయన చెయ్యి మెలితిప్పేరత్తా. మొదటిసారి కాదు. నేనింక వెళ్ళను," అంది. పిల్ల ల్యాబ్ టెక్నీషియను. ఆ కుడిచెయ్యే దాని అన్నం. అతను రాజమండ్రిలో ఒక ప్రైవేటు బ్యాంకులో పెద్ద ఉద్యోగి, గుడిలో గిటారు వాయిస్తాడు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దలు కూర్చుంటారని, అల్లుడూ వాళ్ళమ్మా వస్తారని, వాళ్ళలో పెద్దాయన పెళ్ళివాక్యం చెప్పి పిల్లని అప్పగిస్తారని మా అన్నయ్య నిర్ణయించేశాడు. మా దగ్గర విడిపోదామనుకున్నవాళ్ళని కలపడానికి కూడా అదే వాక్యం. అది విన్నాక కాదన్న ఆడపిల్ల ఇంతవరకూ లేదు. దేవుడి మాటని ఎవరు కాదంటారు?

అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల లారీ వెనక బస్సు చాలాసేపు నిలిచిపోయింది. నేను సీట్లో కూర్చుని, నాలో నేనే ఆ పాస్టరుతోనూ అన్నయ్యతోనూ ఒకేసారి దెబ్బలాడుతూ వచ్చాను.

అన్నయ్య తాసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"ఏంటి చెల్లాయ్, చెప్పాపెట్టకుండా వచ్చేసేవు?"

"మన పెళ్ళివాక్యం దొరికింది అన్నయ్యా."

"పోతే కదా దొరకడానికి!"

"అది లేఖనం కాదు. నాలుగొందల ఏళ్ళ క్రితం ఇంగ్లండులో ఒకాయన రాసుకున్న నీతి పుస్తకం."

"ఎవరాయన?"

"పాస్టరు."

"పాస్టరే కదా? ఇంకేం మరి! నేనింకా ఎవరో పోలీసాయన అనుకున్నాను."

లాప్‌టాప్ తెరిచి చూపించాను. అచ్చు పాతది, అక్షరాలు వంకరటింకర. కళ్ళజోడు పైకి నెట్టి, కిందికి నెట్టి చూశాడు. "దీనిమీద ముద్ర ఏదీ? సంతకం ఏదీ? ఎవడో కంప్యూటర్లో పెట్టింది తెచ్చి దేవుడి మాట కాదంటే నేను పెద్దల ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"దేవుడి మాటకి ఏ ముద్ర చూసి లేచి నిలబడ్డావు ఇన్నాళ్ళూ?"

"నీతో మాట్లాడితే కోర్టుకెళ్ళినట్టుంటుంది చెల్లాయ్. నువ్వు మీ ఆయనతో కూడా ఇలాగే మాట్లాడతావా?"

"ఆయ్, ఇలాగే. ఆయన చేతులు రెండూ బానే ఉన్నాయి, నావీ బానే ఉన్నాయి."

లోపల పనసపొట్టు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. కత్తి దెబ్బలు ఒకటే వరసన పడుతున్నాయి. ఆ చప్పుడు ఆగింది. మా అమ్మ తలుపు దగ్గరికొచ్చింది. చేతులకి పనసజిగురు అంటకుండా నూనె రాసుకుని ఉంది, ఆ చేతులు రెండూ దూరంగా పట్టుకుని నిలబడింది. అమ్మకి ఎడమ చెవి వినిపించదు. చిన్నప్పుడు కాలవలో మునిగితే నీళ్ళు పోయాయని చెబుతుంది. అందుకని ఎప్పుడూ కుడివైపు ముందుకు పెట్టి వింటుంది.

"ఏంటే, వాక్యం కాదా అది?"

"కాదమ్మా."

"మరి నత్త?"

"నత్త కూడా ఆయనదే."

అమ్మ గుమ్మానికి ఆనుకుంది. నేను ఏడుస్తుందేమోననుకున్నాను, కోప్పడుతుందేమోననుకున్నాను. "అందుకా దొరకలేదు," అంది.

అమ్మ పరిశుద్ధ గ్రంథం మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా ప్రతి సంవత్సరం చదువుతుంది. పొద్దున్న పొయ్యి వెలిగించకముందే వసారాలో కూర్చుని చదువుతుంది. అది భక్తి అనుకున్నాం అందరం. భక్తే. కానీ ఆ భక్తిలో ఇంకో పని కూడా ఉందని మాకు తెలీదు. పెళ్ళై వచ్చిన కొత్తలోనే, ఈ నత్త ఏ భాగంలో ఉందో చూద్దామని వెతకడం మొదలుపెట్టిందట.

"ఒకచోట నత్త ఉందే. కానీ అది కరిగిపోయే నత్త. దుర్మార్గుల గురించి అది. ఇల్లు మోసే నత్త ఎక్కడా కనపళ్ళేదు. ఎక్కడో కునుకు తీసుంటాను, ఆ పేజీలోనే ఉండుంటుంది, వచ్చే ఏడు జాగ్రత్తగా చూద్దాం అనుకునేదాన్ని."

"ఎవర్నైనా అడగొచ్చు కదమ్మా!"

"దేవుడి మాటని అనుమానించినట్టు అవదూ?"

ఒక మనిషి జీవితమంతా ప్రతి పొద్దునా వెతికి, దొరక్కపోతే తన కళ్ళదే తప్పనుకుంది. అన్నయ్య కూడా కుర్చీలోంచి లేచాడు. లేచి, ఏం చెయ్యాలో తెలీక, కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాడు. మా అన్నయ్య కాఫీ కలపడం నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ చేతులు తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "మగాళ్ళకేం రాయలేదా ఆయన?"

ఎంత సిగ్గుచేటు! చూడనేలేదు. భార్యల అధ్యాయం చదివి, మండిపడి, బస్సెక్కి వచ్చేశాను. పేజీ తిప్పాను. తర్వాతి అధ్యాయమే భర్తలది. భార్యలదాని కంటే పెద్దది. చదువుతూ తెలుగులో చెబుతూ వెళ్ళాను. భర్త ఇంట్లో గట్టిగా అరవకూడదు. పదిమందిలో భార్యని చిన్నబుచ్చకూడదు. ఆపైన నాలుగు పేజీల వాదన: భార్య మీద చెయ్యి ఎత్తకూడదు, ఏ కారణం చేతా ఎత్తకూడదు, ఆమె ఒళ్ళు నీ ఒళ్ళే, తన ఒళ్ళు తానే కొట్టుకునేవాణ్ణి పిచ్చివాడంటారు కదా అని.

నేను చదవడం ఆపేశాను. శత్రువనుకుని కొట్టడానికి వెళ్తే తలుపు తీసి కూర్చోమన్నట్టుంది. ఆయన్ని క్షమించానని అనుకోకండి. చెయ్యి ఎత్తొద్దని భర్తకి చెప్పినవాడే, నోరు ఎత్తొద్దని భార్యకీ చెప్పాడు. కానీ ఈ సగం ఏమైంది? ఆ అచ్చుయంత్రానికీ మా వాకిలికీ మధ్య ఎవరు కోసేశారు? దొరసానమ్మా, మా తాతలా? ఆధారం లేకుండా నింద వెయ్యకూడదని పిల్లలకి చెప్పేదాన్ని, నేనూ వెయ్యను. కోసేసిన మాట మాత్రం నిజం.

"ఆ చెయ్యెత్తొద్దన్న మాట ఇంకోసారి చెప్పు," అంది అమ్మ.

చెప్పాను. 

అమ్మ నెమ్మదిగా తల తిప్పింది. నావైపు ఎడమ చెవి పెట్టింది. "ఈ చెవికి చెప్పు."

"అమ్మా, అది వినపడదు కదా."

"కాలవ నీళ్ళు కాదే అది," అంది.

మా నాన్న ఊళ్ళో ఎవర్నీ నువ్వు అనని మనిషి. చాలాకాలం క్రితం పోయాడు. సమాధి రోజున ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ముసలివాళ్ళు కూడా, బడిపిల్లల్లా వరసలో నిలబడ్డారు. ఆ వరస తలుచుకుని నేను ఇన్నాళ్ళూ గర్వపడ్డాను.

"నాన్నగారా?" వెనకనుంచి అన్నయ్య గొంతు. గుమ్మంలో కాఫీ గ్లాసులతో నిలబడ్డాడు.

"గడప దాటించకూడదన్నారు కదా నాయనా," అంది అమ్మ. "దాటించలేదు."

అన్నయ్య గ్లాసులు కిందపెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. లోపలి గదిలోంచి మా మేనకోడలు తొంగి చూసింది. అంతా విన్నట్టే ఉంది. వచ్చి అమ్మ ఎడమ పక్కన, కట్టు ఉన్న చెయ్యి అమ్మ ఒళ్ళో పెట్టి కూర్చుంది.

మర్నాడు శనివారం. పొద్దున్నే పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద, నాన్నకి ప్రాణస్నేహితుడు. నాకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించింది ఆయనే. నన్ను చూడగానే, "రామ్మా రా, బొండం కొట్టిస్తాను," అన్నారు.

"బొండం తర్వాత తాగుతానండి మాస్టారూ. ముందు ఇది చూడండి," అని భార్యల అధ్యాయం ముందు పెట్టాను. 

చదివారు. ఆయన ఇంగ్లీషు ఇప్పటికీ నాకంటే బాగుంటుంది. నత్త దగ్గర నవ్వారు, మంచు దగ్గర తల ఊపారు. "ఎక్కడో ఉంటుందనుకున్నాను గానీ, ఇదన్నమాట," అన్నారు.

"అనుకున్నారా?"

"లేఖనం కాదని నాకు తెలుసమ్మా. లేఖనాల్లో ఏ మాట ఎక్కడుందో చూపించే పుస్తకం ఉంటుంది కదా. సర్వీసులో ఉన్నప్పుడే అంతా గాలించేను."

నేను విన్నది సరిగ్గా విన్నానో లేదో అనుమానం వచ్చింది. "తెలిసీ అందర్నీ లేపి నిలబెడుతున్నారా?"

"నిలబడితే వింటారమ్మా. కూర్చున్నవాళ్ళు మాట వినరు, నువ్వూ టీచరువే, నీకు తెలీదా? ఎన్ని కాపురాలు నిలబడ్డాయి దీనివల్ల! మంచి మాట ఎవరిదైతే ఏం?"

"మంచి మాటయితే ఆయన పేరు చెప్పుకునే నిలబెట్టండి. దేవుడి సంతకం ఎందుకండీ?"

"అలాగంటే ఎవరు వింటారు?" అన్నారు, చాలా మామూలుగా. ఆ తర్వాత, నన్ను ఊరడించడానికనుకుంటాను, ఆప్యాయంగా అన్నారు: "మీ నాన్నగారూ నేనూ దీని గురించి మాట్లాడుకున్నాం కూడా. ఆయనకీ తెలుసు. కదపొద్దులెండి మాస్టారూ, నడుస్తోంది కదా అన్నారు."

కాలవగట్టు మీద నడిచి ఇంటికి వస్తున్నాను. దారి కనపడలేదు. నాన్నకి తెలుసు. వసారాలో అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పేజీ పేజీ వెతుకుతూంటే ఆయన పక్కనే ఉన్నాడు. ఏ ఏడాదిలో ఏ పొద్దున అయినా ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. దెబ్బ ఒక క్షణంలో పడుతుంది, కోపంలో పడిందనుకోవచ్చు. ఇది అలా కాదు. ప్రతి పొద్దునా తాపీగా చేసిన పని.

అమ్మకి పెద్దాయన సంగతి చెప్పాను. నాన్న సంగతి చెప్పలేదు. అన్నయ్యకి మాత్రం చెప్పాను. విని, పెరట్లో పడున్న ఎండు కొబ్బరిమట్టని ముక్కలు ముక్కలుగా విరిచాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి పక్క రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్దాయన, ఇంకో ఇద్దరు పెద్దలు, పక్కన కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు. ఎదురుగా అల్లుడు, ఇస్త్రీ చొక్కాలో, తల వంచుకుని. పక్కన వాళ్ళమ్మ. ఇటువైపు మేము. ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు వెనకాల చేరారు. నేను భర్తల అధ్యాయం తెలుగులో రాసుకొచ్చి సంచిలో పెట్టుకున్నాను. ఎక్కడ లేవాలో, ఏ మాటకి ఏం అనాలో అంతా సిద్ధం చేసుకున్నాను. 

అల్లుడి తల్లి మొదలుపెట్టింది. "మా అబ్బాయికి కోపం ఉందండి, నేను కాదనను. కానీ ఆడపిల్ల అన్నాక ఇంట్లో మాట ఇలా బజార్నేసుకుంటుందా అండి?"

"బజారెక్కడండీ, ఇది గుడేగా," అన్నాను. అన్నయ్య నా చెయ్యి నొక్కాడు.

పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "అన్నీ మాట్లాడుకున్నాం. ఇద్దరూ పిల్లలే. దేవుడు జతపరచినవారు. పెళ్ళివాక్యం చెప్పుకుని, ప్రార్థన చేసుకుని, అమ్మాయిని సంతోషంగా పంపిద్దాం. అందరం లేచి నిలబడదాం."

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు. పైటలు తలల మీదికి వెళ్ళాయి. మా మేనకోడలు కూడా లేచింది, ఎడమచేత్తో చున్నీ సర్దుకుంది. ఎన్ని తెలిసినా నా కాళ్ళు కూడా వాటంతట అవే లేచాయి. 

అమ్మ లేవలేదు.

పెద్దాయన ఆగారు. "ఏం చెల్లెమ్మా, మోకాళ్ళా?"

"లేదండి. మోకాళ్ళు బానే ఉన్నాయి. ఇందాకా సువార్తకి లేచేను కదండీ."

"మరి వాక్యానికి లేవాలి కదమ్మా."

"వాక్యానికి లేస్తానండి. ఇది వాక్యం కాదటండి. మీకూ తెలుసటండి."

అందరి ముఖాలూ పెద్దాయన వైపు తిరిగాయి. ఆయన అబద్ధం ఆడతారేమోనని చూశాను. ఆడలేదు. అదీ ఆయనకి న్యాయంగా చెప్పాలి. అవునని కూడా అనలేదు. 

"మీరు ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి చెప్పేరు చెల్లెమ్మా ఇది! మీరే కూర్చుండిపోతే ఎలాగండి?"

"తెలీక చెప్పేనండి. మా అత్తగారు, కామందుగారు దారిన వస్తుంటే మంచం మీంచి లేచేవారండి. జొరంతో ఉన్నా లేచేవారు. మా నాన్నగారు చెప్పేరు, మనం గుళ్ళోకి వచ్చింది అందుకేనమ్మా, ఇంక ప్రభువుకి తప్ప ఎవరికీ లేవక్కర్లేదు అని. ఎవరో తెలియని ఆ దొరగారికి నేనెందుకు లేవాలండి?"

అల్లుడి తల్లి రెండు చెంపలూ వాయించుకుంది. "ఇదేం కుటుంబం అండి బాబూ! పెద్దావిడే ఇలా కూర్చుంటే పిల్లేం కాపురం చేస్తుందండి?"

పెద్దాయన అన్నయ్య వైపు చూశారు. "ఏవయ్యా, నువ్వైనా అమ్మకి చెప్పు."

సంచిలో కాగితాలు పట్టుకుని నేను నిలబడే ఉన్నాను. నా వంతు వచ్చిందనుకున్నాను. ఈలోగా పక్కన ప్లాస్టిక్ కుర్చీ చప్పుడైంది. అన్నయ్య కూర్చున్నాడు. ఆఫీసులో జవాను వస్తే కూడా సగం లేచే మనిషి. సంఘపెద్దలందరూ నిలబడి ఉండగా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. చెమటతో చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.

"ఆ పుస్తకంలో ఇంకో సగం ఉందటండి మాస్టారూ," అన్నాడు. "మగాళ్ళకి. చెయ్యి ఎత్తొద్దని. మా చెల్లి రాసుకొచ్చింది. ముందు అది చెప్పండి. అల్లుడుగారు నిలబడి వింటారు. తర్వాత మిగతాది చూద్దాం."

"మన ఆచారంలో అది లేదు కదయ్యా."

"ఆయ్, లేదండి. అందుకే మా పిల్లని ఇవాళ పంపడం లేదండి."

అప్పుడు మా మేనకోడలు కూర్చుంది. వెనకాల ఒక ముసలావిడ కూడా, "నాకు నిజంగానే మోకాళ్ళండీ," అంటూ కూర్చుంది. ఎవరో నవ్వాపుకోలేకపోయారు. పెద్దాయన చేతులు జోడించి, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు. ప్రార్థనకి మాత్రం అమ్మ ముందుగా లేచింది, ఎవరూ చెయ్యందించకుండా. వెళ్ళేటప్పుడు అల్లుడు తన బూట్లు వెతుక్కుని, తనే దులుపుకుని వేసుకున్నాడు. అది నేను చూశాను. చూసినందుకు నాకు సంతోషంగా కూడా ఉంది.

నా కాగితాలు సంచిలోనే ఉండిపోయాయి. అంత దెబ్బలాటకి సిద్ధపడి వెళ్ళి ఒక్క వాక్యం చదవకుండా తిరిగి రావడం నా జన్మలో అదే మొదలు. 

మా మేనకోడలు ఇప్పుడు అమలాపురంలో నా దగ్గరే ఉంటోంది. కట్టు విప్పారు, మణికట్టు పూర్తిగా తిరగడం లేదు, అయినా ఒక ల్యాబులో చేరింది. విషయం లాయర్ల దాకా వెళ్ళింది, ఎటు తేలుతుందో తెలీదు. ఊళ్ళో సగంమంది మాతో సరిగ్గా మాట్లాడరు. ఆ తర్వాత జరిగిన ఒక పెళ్ళిలో వాక్యం చెప్పమని అమ్మని పిలిస్తే రానంది. ఇంకొకావిడ చెప్పింది, అందరూ లేచారట. పెళ్ళికూతురు చెప్పులు దులిపిందట. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు, చాలాసేపు కోపం మాత్రం తగ్గలేదు.

ఆ ఆదివారం మర్నాడు తిరిగి అమలాపురం వెళ్ళాలని పెందలాడే లేచాను. అమ్మ వసారాలో కూర్చుని ఉంది, ఒళ్ళో గ్రంథం. తెరవలేదు. అట్ట మీద చెయ్యి వేసి ఉంది.

"ఏమ్మా, చదవలేదా?"

"చదువుతాను. ఇన్నాళ్ళూ వెతుకుతూ చదివేను కదా. వెతక్కుండా ఎలా చదవాలో తెలీడం లేదు." నావైపు కుడి చెవి తిప్పింది. "మీ నాన్నకి తెలుసంటావా?"

నేను అబద్ధం చెప్పగలిగేదాన్నే. ఆయన మీద జాలితో కాదు, ఆవిడ మీద జాలితో. కానీ ఆ ఇంట్లో ఆవిడ మీద జాలి పేరు చెప్పి ఇప్పటికే చాలా దాచారు.

"తెలుసమ్మా. మాస్టారుగారు చెప్పేరు."

అమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు.

"అనుకున్నాను," అంది. "నేను కళ్ళజోడు పెట్టుకోగానే ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు."

అని, గ్రంథం తెరిచింది. మొదటి పేజీ కాదు, ఎక్కడో మధ్యలో.